గట్టిగా నొక్కిన గీత

ఆ రోజు పొద్దున పటాలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మిగిలిన ఒక్క పేటనూ మ్యాపులో సరిదిద్ది ఆఫీసుకు పంపేయాలి. ఫర్నిచర్ దుకాణం వాళ్ళు తెచ్చే డబుల్ కాట్‌ను ఇంట్లోకి చేర్చుకోవాలి. ఆ తర్వాత దానిమీద అడ్డంగా పడుకుని చూడాలి. పెళ్ళయినప్పటి నుంచి ఆమె, శ్రీవారు రెండు మడత మంచాలను పక్కపక్కన చేర్చి కాపురం చేస్తున్నారు. ఆ రెండు మంచాల మధ్య ఒక లోయ ఉంది. శ్రీవారు ప్రేమగా ఇటు దొర్లినప్పుడల్లా అందులో పడిపోయి, "నేను కిందున్నాను" అని సమాచారం పంపుతుంటారు.

పటాలమ్మ అన్నది అసలు పేరు కాదు. ఆమె మ్యాపులు గీసే ఉద్యోగం చేస్తోందని తెలిసిన రోజున శ్రీవారు ముద్దుగా తగిలించిన పేరు. మొదట్లో ఉడుక్కుంది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే అటూ ఇటూ చూస్తోంది.

ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమే. ఆకాశం నుంచి తీసిన ఫొటోను తెరమీద పెట్టుకుని, అందులో కనిపించే దారుల మీదుగా గీతలు గీయాలి. ఆ గీతలు డ్రైవర్ల ఫోన్లలోకి వెళ్ళి, "కుడివైపు తిరగండి" అని మాట్లాడతాయి. మొదట్లో మౌసుతో గీసేది. మౌసుతో మలుపు గీయడమంటే మోచేత్తో కాటుక పెట్టుకోవడమే. ఆ అవస్థ చూసి ఆఫీసువాళ్ళు ఒక పెన్ టాబ్లెట్ పంపించారు. నల్లటి పలక, దానికో పెన్ను. పలక మీద గీస్తే పలక మీద ఏమీ పడదు, ఎదురుగా తెరమీద పడుతుంది. చెయ్యి ఇక్కడ, గీత అక్కడ! పటాలమ్మకు అది చూసి ఎంత సంబరమంటే, పెన్నుకు ఒక ఉన్ని తొడుగు అల్లింది. రోజూ పలకను మెత్తటి గుడ్డతో తుడిచి, ఎవరూ చూడకుండా ఓసారి బుగ్గకు ఆనించుకునేది.

ఆ పెన్నుకు ఇంకో గుణం ఉంది. నొక్కుడును బట్టి దారి మారుతుంది. ఊరికే ఆనిస్తే కాలిబాట, కాస్త నొక్కితే సందు, ఇంకాస్త నొక్కితే వీధి. గట్టిగా నొక్కితే ఎర్రగా, బొద్దుగా మెయిన్ రోడ్డు. అక్కడే వచ్చింది చిక్కు. "నీ చెయ్యి బరువమ్మాయ్," అని సూపర్‌వైజర్ మేడమ్ ఇదివరకే రెండుసార్లు హెచ్చరించింది. "పార్కులో పిల్లల జారుడుబల్ల దగ్గరికి నాలుగు లేన్ల రోడ్డు వేశావు. జారడానికి లారీలొస్తాయా?"

ఆ రోజుతో పటాలమ్మ ట్రయలు ముగుస్తుంది. ఆ రోజు పేటలో పెద్ద తప్పేదీ లేకపోతే ఉద్యోగం పర్మనెంటు. ఒక్కటి దొరికినా పలకనూ పెన్నునూ డబ్బాలో సర్ది వెనక్కి పంపేయాలి. ఉద్యోగం పోతే పోయింది గానీ, తొడుగు తీసేసిన ఆ పెన్నును డబ్బాలో పడుకోబెట్టే దృశ్యం తలచుకుంటేనే ఆమె పెన్నును ఇంకాస్త దగ్గరికి లాక్కుంటోంది.

అదృష్టం కొద్దీ వంతు వచ్చింది తను కాపురముంటున్న పేటకే. ఇస్త్రీ బండి మూల, బేకరీ మలుపు, ఎప్పుడూ మూసి ఉండే ఆసుపత్రి పక్క గేటు, అన్నీ ముచ్చటగా గీసింది. ఇష్టమైన ముద్దను చివరికి దాచుకున్నట్టు తమ ఇంటిముందు సందును మాత్రం ఆఖరుకు ఉంచుకుంది. రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి మర్యాదగా ఎవరింటి గేట్లోకో దూరాల్సిన సందు అది. కారొస్తే గోడలు ఊపిరి బిగబట్టాలి. ఫర్నిచర్ దుకాణం వాళ్ళు కూడా, "మ్యాపులో మీది సన్నటి దారి మేడమ్. బండి మూల దాకానే వస్తుంది, మంచం మీరే మోసుకోవాలి," అని ముందే తేల్చేశారు. అందుకని కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు పెట్టి, నడుముకు బెల్టు కట్టుకుని, శ్రీవారు పొద్దుటి నుంచీ ఇంట్లో యోధుడిలా తిరుగుతున్నారు.

పటాలమ్మ సందు మొదట్లో పెన్ను ఆనించిన క్షణంలోనే ఆయన టీ తెచ్చి, గ్లాసును పలక మీద పెట్టారు.

"ఏవండీ! అది ట్రే కాదు!"

"కాదా? ట్రేకు ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయే. నున్నగా ఉంది, నల్లగా ఉంది, ఖాళీగా ఉంది."

"ఖాళీగా లేదు. దానిమీద మన పేటంతా ఉంది."

"నాకేం కనపడట్లేదే," అన్నారు శ్రీవారు వంగి చూస్తూ. ఊరందరికీ చూపు అమ్మే మనిషి ఆ మాట అనకుండా ఉండాల్సింది. అని ఊరుకున్నా బాగుండేది. "అయినా ఎందుకంత కంగారు పటాలమ్మా? గీతలు గీయడమే కదా! మా అక్క కూతురు రోజూ గీస్తుంది, గోడ నిండా. దానికెవరూ జీతం ఇవ్వట్లేదు. పైగా వీపు మీద ఒకటిస్తున్నారు."

పెళ్ళయ్యాక మొదటి పోట్లాట ఎలా ఉంటుందోనని పటాలమ్మ చాలా రోజులుగా ఒకింత కుతూహలంగానే ఎదురుచూస్తోంది. అది వచ్చేసిందని ఆమెకు చెవుల్లో వేడి పుట్టగానే తెలిసింది. గ్లాసు తీసి కింద పెట్టింది. శ్రీవారి ముఖంలోకి గుచ్చి చూస్తూ, పెన్ను ఎత్తకుండా, ఒక్కో మాటకూ ఒక్కో నొక్కు నొక్కుతూ గీసింది. "గీతలే. కదా. ఉత్త. గీతలే. కదా." చూపు ఆయన మీద, చెయ్యి పలక మీద. తెరవైపు మాత్రం ఎవరి చూపూ లేదు. సందు ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తయింది. అదే ఊపులో పంపే గుర్తును పెన్నుతో ఒక్క పోటు పొడిచింది.

"అయిపోయింది నా పని. ఇప్పుడు చెప్పండి, ఏమంటున్నారు?"

"టీ చల్లారిపోతుందని అంటున్నాను," అన్నారు శ్రీవారు, ధైర్యం చాలక.

పంపిన గీత డ్రైవర్ల ఫోన్లకు చేరడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. పైగా ఆ వారం పేట ముందున్న అసలు మెయిన్ రోడ్డును పైపుల కోసం తవ్విపోశారు. తెల్లారినప్పటి నుంచీ ఏ సందు దొరుకుతుందా, ఏ మలుపు దొరుకుతుందా అని దారి చూపే యాప్ అల్లాడిపోతోంది. అలాంటిదానికి ఉన్నట్టుండి నడిమధ్యలో ఎర్రగా, బొద్దుగా కొత్త రోడ్డు కనిపించింది. ఇంకేముంది!

మొదట ఒక కారు వచ్చింది. పటాలమ్మ వంటింట్లో గిన్నెలను అవసరానికి మించి చప్పుడు చేస్తూ తోముతోంది గనుక ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత నీళ్ళ ట్యాంకరు వచ్చింది. తర్వాత కిటికీలోంచి వచ్చే వెలుతురు పూర్తిగా ఆగిపోయింది. ఆమె తలెత్తి చూస్తే కిటికీ నిండా కాలేజీ బస్సు ఉంది. బస్సులోంచి ఒక అమ్మాయి గిన్నెలవైపు చూస్తూ, "ఆంటీ, ఆ మూకుడుకు అడుగున ఇంకా మసుంది," అంది.

"మా సందులోకి బస్సెందుకొచ్చింది?" అని గేటు దగ్గరికి పరిగెత్తింది పటాలమ్మ.

"సందేంటమ్మా, మెయిన్ రోడ్డయితేనూ!" బస్సు డ్రైవరు ఫోను తిప్పి చూపించాడు. "చూడండి, ఎంత ఎర్రగా ఉందో. ఇంత వెడల్పు రోడ్డు మీద ఇళ్ళు కట్టుకుని కూర్చున్నారు, మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు."

ఆ ఎరుపు ఎవరి చేతిదో పటాలమ్మకు చూడగానే తెలిసిపోయింది. లోపలికి దూకి తెర ముందు కూర్చుని, ఈసారి పసిపిల్ల చెంప తాకినంత మెత్తగా పెన్ను కదిపి, ఎర్ర రోడ్డును సన్నటి సందుగా మార్చింది. పంపే గుర్తు నొక్కింది. సరిగ్గా అప్పుడే బయట టప్పుమని శబ్దం వచ్చింది. తెరమీద 'ఇంటర్నెట్ లేదు' అని పడింది.

ప్లాస్టిక్ కుర్చీలను మేడంత ఎత్తున పేర్చుకున్న లారీ ఒకటి బస్సు వెనకే వచ్చి, ఇంటికొచ్చే కేబులు తీగను తెంపి మెడలో వేసుకుంది.

"ఏవండీ! మీ ఫోనులో నెట్ ఇవ్వండి!"

శ్రీవారు పోట్లాట మరిచి ఫోను అందించారు. ఆఫీసు ప్రోగ్రామేమో ఇంటి కనెక్షను తప్ప పరాయి కనెక్షనును గుమ్మం తొక్కనివ్వదు. "ఈ కనెక్షనుకు అనుమతి లేదు," అని ముఖం మీదే చెప్పేసింది.

"నేను చూసుకుంటాగా," అని శ్రీవారు నడుం బెల్టు బిగించుకుని వీధిలోకి దిగారు. బస్సు వెనక నిలబడి, "రండి, రండి, రానివ్వండి, ఇంకా రానివ్వండి," అంటూ దాన్ని వెనక్కి పిలిచారు. మనిషి గొంతులో అంత నమ్మకం ఉంటే ఏ డ్రైవరైనా వస్తాడు. బస్సు వచ్చి కుర్చీల లారీని ముద్దుపెట్టుకుంది. ఓ అరడజను కుర్చీలు జారి రోడ్డున పడ్డాయి. ఈలోగా సందు రెండో చివర నుంచి కూడా బళ్ళు లోపలికి వస్తున్నాయి. యాప్‌కు రెండు చివరలూ ఒకటే.

హారన్ల మోతకు మేడమీది పిన్నిగారు కిందికి వచ్చారు. ఆ ఇల్లు ఆవిడదే. పటాలమ్మ వాళ్ళు కింది వాటాలో అద్దెకుంటున్నారు. ఆవిడ చేతిలోనూ ఫోను ఉంది.

"ఏమే అమ్మడూ, మన సందు మెయిన్ రోడ్డయిందటనే? అయితే వెడల్పు చేస్తారన్నమాట. అందుకే ఈ బళ్ళన్నీ వచ్చాయా? నా గోడ కొట్టేయడానికా?"

"అయ్యో, గోడ జోలికి ఎవరూ రారు పిన్నిగారూ, ఇదంతా ఊరికే గీత…"

"ఊరికే గీత పెట్టే కదే కొట్టేది! మార్కు చేశాక ఇంకేం మిగులుతుంది?" ఆవిడ కిందపడ్డ కుర్చీల్లో ఒకదాన్ని లాక్కుని, ప్రహరీ గోడకు వీపు ఆనించి బైఠాయించారు. "రండ్రా. ముందు నన్ను కూల్చి తర్వాత దాన్ని కూల్చండి."

"పెద్దమ్మా, ఆ కుర్చీ మా సరుకు," అన్నాడు కుర్చీల లారీ డ్రైవరు.

"నా గోడ పోతుంటే నీకు కుర్చీ కావాల్సొచ్చిందా?"

ఆ గలాటాలో పటాలమ్మ ఫోను మోగింది. సూపర్‌వైజర్ మేడమ్. ఎత్తక తప్పదు.

"అమ్మాయ్, ఇవాళ నీ వంతు ఈ పేటే కదా? ఆఫీసుకొస్తుంటే యాప్ నన్ను ఇటు తిప్పింది. ఇక్కడేదో కొత్త మెయిన్ రోడ్డుందట. ఎప్పుడేశారు దీన్ని?"

"మీ… మీరెక్కడున్నారు మేడమ్?"

"ముందు బస్సు, వెనక ఇంకో కారు. పక్కనే ఒకావిడ గోడకానుకుని కూర్చుని, నా కారు చూసి 'ఇదేనేమో పొక్లెయినరు' అంటోంది."

పటాలమ్మ మెల్లిగా కర్టెను జరిపింది. గేటుకు సరిగ్గా ఎదురుగా కారు, కారులో మేడమ్, మేడమ్ చెవి దగ్గర ఫోను. ఇద్దరి చూపులూ కలిశాయి. ఫోను అవసరం తీరిపోయింది.

మేడమ్ కారు దిగడానికి తలుపు తెరిస్తే గోడకు కొట్టుకుంది. రెండో తలుపు తెరిస్తే పిన్నిగారి మోకాలికి తగిలింది. చివరికి వెనకసీటు మీదుగా పాక్కుంటూ బయటపడింది. అప్పటికే ఆమె ముఖం సరదాగా లేదు. పటాలమ్మ చేతిలో పెన్నుతోనే గేటు దగ్గరికి వచ్చింది. ఆ సమయానికి ఆ బళ్ళ వెనక నుంచి ఒక గొంతు గట్టిగా వినపడింది.

"డబుల్ కాట్ ఎవరిదండీ! డబుల్ కాట్!"

ఫర్నిచర్ డ్రైవరు. బండి ఎలాగో గేటుదాకా తెచ్చేశాడు. "బండి లోపలికి రాదని దుకాణంలో చెప్పారు గానీ, ఇవాళ చూస్తే మ్యాపులో పెద్ద రోడ్డు పడింది. భలే టైముకు వేయించుకున్నారు. గుమ్మం దాకా తెచ్చేశా!"

"మాది కాదు," అన్నారు శ్రీవారు వెంటనే, పెళ్ళాం ఉద్యోగాన్ని కాపాడుతున్నానన్న ఉద్దేశంతో.

"అవునా? ఉండండి, నంబరుంది, చేస్తా." డ్రైవరు ఫోను నొక్కాడు. పటాలమ్మ చేతిలోని ఫోను గణగణ మోగింది. మేడమ్ ఆ ఫోనువైపు, మంచంవైపు, శ్రీవారి నడుం బెల్టువైపు వరసగా చూసింది.

"అమ్మాయ్," అంది చాలా నెమ్మదిగా. "మంచం కోసం రోడ్డు వేసుకున్నావా?"

"ఛ ఛ, మంచం కోసం కాదు మేడమ్!"

"మరి?"

చెప్పాలంటే సిగ్గు, చెప్పకపోతే దొంగతనం. "కోపంతో మేడమ్."

"కోపమా? ఎవరి మీద?"

ఆమె చేతిలోని పెన్ను దానంతటదే లేచి శ్రీవారివైపు తిరిగింది. బస్సు కిటికీల్లోంచి నలభై తలలు కూడా అటే తిరిగాయి.

"తప్పు నాదేనండి," అన్నారు శ్రీవారు తల వంచుకుని. "గీతలు గీయడమే కదా అన్నాను. పలక మీద టీ గ్లాసు కూడా పెట్టాను."

మేడమ్ జుట్టు తెల్లబడింది గీతలు గీస్తూనే. ఆమె శ్రీవారిని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. బళ్ళ వరసనూ, తెగిన తీగనూ, గోడకు కాపలా కాస్తున్న పిన్నిగారినీ చూసింది.

"గీతలే కదండీ," అంది. తర్వాత పటాలమ్మవైపు తిరిగి, "ఇంకొంచెం నొక్కాల్సింది," అంది.

పటాలమ్మకు ప్రాణం లేచొచ్చింది. వచ్చిన ప్రాణాన్ని మేడమ్ అక్కడే ఆపేసింది. "కానీ తప్పు తప్పే. కనెక్షను రాగానే సరిదిద్ది పంపు. చెకింగ్ ప్రోగ్రాము నీ మొదటి గీతను పెద్ద తప్పు కింద రాస్తుంది. అది రాశాక నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా."

ఖాళీగా ఉన్న డ్రైవర్లంతా కలిసి మంచాన్ని పువ్వులా ఎత్తి లోపల పెట్టేశారు. శ్రీవారి బెల్టుకు పని తగల్లేదు. పటాలమ్మ మంచం వంక కన్నెత్తి చూడలేదు. అంతలో శ్రీవారు ఫోను చేసి పిలిచిన కేబులాయన మూల నుంచి నడుచుకుంటూ వచ్చాడు. నిచ్చెన తెరవనక్కర్లేకుండా కుర్చీల లారీ ఎక్కి, తీగ అందుకుని ముడేశాడు. "ఇంత హాయిగా ఎప్పుడూ కట్టలేదండి. మీకు నెట్ పోయినప్పుడల్లా ఇక్కడో లారీ ఆపించండి," అన్నాడు దిగుతూ.

కనెక్షను వచ్చింది. పటాలమ్మ తెరమీద సందు గీతను మరోసారి చూసుకుని పంపింది. పక్కన మేడమ్, వెనక శ్రీవారు తెరమీదికి వంగారు. చెకింగ్ ప్రోగ్రాము జవాబు వచ్చింది.

'మార్పు తిరస్కరించడమైనది. ఈ దారిలో నేడు బస్సు, ట్యాంకరు, లారీలు, కార్లు ప్రవేశించినట్టు ఆధారాలున్నాయి. ఇది మెయిన్ రోడ్డే. మొదటి గీత ఒప్పు. రెండో గీత పెద్ద తప్పు.'

"అదేంటి? నిజం చెబితే తప్పా?" అంది పటాలమ్మ.

"ఆ కార్లలో ఒకటి నాదే," అంది మేడమ్ చిన్నబోయి. "ఇలా ఇవ్వు ఆ పెన్ను." ముప్పై ఏళ్ళ అనుభవంతో, వెంట్రుకంత సుతారంగా తనే సందును గీసి పంపింది.

'మార్పు తిరస్కరించడమైనది. ఈ ఉద్యోగి చెయ్యి మరీ తేలికగా ఉన్నది. శిక్షణ అవసరం.'

శ్రీవారు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు. మెయిన్ రోడ్డని ఉన్నంతకాలం బళ్ళు వస్తాయి, బళ్ళు వస్తున్నంతకాలం అది మెయిన్ రోడ్డే. మేడమ్ ప్రధాన కార్యాలయానికి ఫోను చేస్తే, "ప్రోగ్రాము చెప్పిందంటే సరే అయ్యుంటుంది మేడమ్," అన్నారు. పటాలమ్మ పెన్ను మీది ఉన్ని తొడుగును తీసి మడిచింది. పలకను గుడ్డతో తుడిచింది. డబ్బా కోసం అల్మరా పైకి చెయ్యి చాచింది.

బయట మాత్రం ఏ బండీ అంగుళం కదల్లేదు. డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి, కుర్చీల లారీలోంచి తలో కుర్చీ దించుకుని కబుర్లలో పడ్డారు. పిన్నిగారు మధ్యలో కూర్చుని తన గోడ చరిత్ర చెబుతున్నారు. శ్రీవారు లోపలా బయటా అందరికీ టీలు అందిస్తున్నారు. ఆ టీలు తాగడం పూర్తయ్యేసరికి తెర మళ్ళీ మెరిసింది.

'గమనిక. ఈ స్థలంలో వాహనాలు చాలాసేపుగా నిలిచి ఉన్నవి. ఇది రోడ్డు కాదు. పార్కింగ్ స్థలంగా మార్చడమైనది. ఇక్కడ గీసిన గీతలన్నీ, వాటిపై నమోదైన తప్పులన్నీ రద్దు.'

ఎర్ర గీత మాయమైంది. దాని చోట ఒక నీలం డబ్బా, డబ్బాలో చిన్న కారు బొమ్మ ప్రత్యక్షమయ్యాయి. మేడమ్ రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివింది. తర్వాత తన ఫోనులో నివేదిక తెరిచి, 'తప్పులు' అన్న చోట 'లేవు' అని కొట్టింది.

"మేడమ్! అంటే…"

"గీతే లేనప్పుడు తప్పెక్కడిదమ్మాయ్? పర్మనెంటు. ఆ తొడుగు మళ్ళీ పెన్నుకు వేసుకో." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఆ పార్కింగ్ సంగతి రేపు నేను చూస్తాను. ఇవాళ మాత్రం నువ్వు ఆ పెన్ను ముట్టుకోవద్దు. మీరు నోరు విప్పొద్దు," అంది శ్రీవారితో.

పార్కింగ్ స్థలంలోంచి దారి చూపించడం యాప్ మానేసింది గనుక కొత్త బళ్ళేవీ రాలేదు. వచ్చినవి ఒక్కొక్కటే వెనక్కి జరుగుతూ, గోడలకు క్షమాపణలు చెప్పుకుంటూ బయటపడ్డాయి. పిన్నిగారు గోడను చేత్తో నిమిరి, గెలిచిన మనిషి నడకతో మేడెక్కారు. సందు మళ్ళీ సందయింది.

సాయంత్రం ఎండ వాలేవేళ పటాలమ్మ, శ్రీవారు కిటికీ దగ్గర భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. "గీతలే కదా అని ఇంకోసారి అంటారా?" అంది ఆమె. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, లేదని తల ఊపారు. ఆ తల ఊపుడు ఎంత ముద్దొచ్చిందంటే ఆమె అక్కడికక్కడే క్షమించేసింది.

అంతలో పెద్దమనిషి ఒకాయన కొత్త కారులో నింపాదిగా సందులోకి వచ్చి, ఫోను చూసుకుని, నడిమధ్యలో ఆపి, తాళం వేసి, తలుపు ఓసారి లాగి చూసుకుని వెళ్ళిపోయాడు.